చువ్వ మీద నాలుగు వేళ్ళు

మా ఇంట్లో ఒక తుపాకి ఉండేదంటే ఇప్పుడెవరూ నమ్మరు. నన్ను చూస్తే చాక్‌పీసు తప్ప ఇంకేదీ పట్టుకోని మనిషిలా కనిపిస్తాను కాబోలు. కానీ ఉండేది. కంకిపాడు దాటాక బందరు కాలవ పక్కన మా ఊరు, ఊరి చివర మా పెంకుటిల్లు, నడవాలో ఏసుప్రభువు పటం, పటానికి ఎదురుగోడ మీద రెండు మేకులకు అడ్డంగా ఆ తుపాకి. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటూ ఉండేవారు. ఫాదరుగారు ఇంటికి వచ్చినప్పుడల్లా "దాన్ని వేరే గోడకి మార్చకూడదా?" అనేవారు. మా నాన్న "అలాగేనండీ" అనేవాడు. ఆయన "అలాగేనండీ" అన్న పని ఏదీ జరిగినట్టు నాకు గుర్తు లేదు.

అది వేటగాళ్ళ తుపాకి కాదు, సిపాయిల తుపాకి. కుంఫిణీవాళ్ళ కాలంలో ఏ పటాలంలోనో తిరిగి తిరిగి, పాతబడ్డాక బందరులో వేలం వేస్తే మా పూర్వీకుడెవరో కొన్నాడని చెప్పేవారు. నిలబెడితే నా ముక్కుదాకా వచ్చేది. పక్కనున్న ఇనపరేకు మీద సింహం బొమ్మ ఉండేది. ఎన్ని చేతులు తుడిచాయో, అది అరిగి అరిగి కుక్కపిల్లయింది.

పుట్టినప్పుడు అది చెకుముకి తుపాకి. గుర్రం అని పిలిచే కొక్కెం నోట్లో చెకుముకి రాయి పట్టి ఉండేదట. మీట నొక్కితే ఆ రాయి ఉక్కురేకును గీరి రవ్వలు రాల్చేది. గొట్టం పక్కన ప్రమిదంత గిన్నెలో కాస్త మందు పోసి ఉంచేవారు. రవ్వలు దాన్ని అంటిస్తే, ఆ మంట గొట్టానికున్న చిన్న చిల్లులోంచి లోపలికి పోయి అసలు మందును పేల్చేది. తర్వాత రాగి టోపీల రోజులు వచ్చాయి. మా తాతల్లో ఒకాయన దాన్ని కొండపల్లి మోసుకెళ్ళి అక్కడి కమ్మరి చేత మార్పించాడు. గిన్నె కోసేశారు. రాయి పట్టే గుర్రాన్ని పీకి సుత్తి తల ఉన్న గుర్రాన్ని పెట్టారు. పాత చిల్లులో ఒక ఇనపముక్క బిగించి దాని మీద చిన్న ముక్కు నిలబెట్టారు. ఆ ముక్కుకి రాగి టోపీ తొడిగి మీట నొక్కితే టోపీ పేలి, నిప్పు ముక్కులోంచి కిందికి దిగి, అక్కడ పక్కకి తిరిగి, గొట్టంలోకి పోవాలి.

ఆ తిరగడంలోనే ఉంది దాని జబ్బంతా. మలుపులో మసి పడితే నిప్పు అక్కడే ఆగిపోయేది. టోపీ టప్పుమనేది, తుపాకి నిద్రపోయేది. నాలుగుసార్లకి ఒకసారి మొరాయించడం ఖాయం. "బొమ్మలు చేసే ఊళ్ళో బాగుచేయిస్తే బొమ్మ తుపాకే అవుద్ది" అని అమ్మ ఎద్దేవా చేసేది. "దానికి రెండో పెళ్ళయిందే. మొదటి మొగుణ్ణి ఇంకా మర్చిపోలేదు, అంతే" అనేవాడు నాన్న. గిన్నె ఉన్న చోట, పాత మరలు ఉన్న చోట చిల్లులు పూడ్చిన మచ్చలుండేవి. చిన్నప్పుడు తమ్ముడూ నేనూ కళ్ళు మూసుకుని వేలితో తడిమి ఆ మచ్చలు ఎన్నో లెక్కపెట్టేవాళ్ళం. వాడు ఎప్పుడూ ఒకటి ఎక్కువ చెప్పేవాడు.

నాన్నకి పంట కాపలా లైసెన్సు ఉండేది. వరి పాలు పోసుకునే రోజుల్లో పిట్టలు గుంపులు గుంపులుగా దిగేవి. వాటిని చంపడానికి కాదు, బెదరగొట్టడానికి తుపాకి. అందుకని పిట్టల మందు వేరు, గుండు మందు వేరు. పిట్టల మందంటే గొట్టంలో మందు పోసి పైన కొబ్బరిపీచు దట్టంగా కూరడమే. చప్పుడూ పొగా తప్ప ఇంకేమీ రాదు. లంకల్లోంచి అడవిపందులు వచ్చే రాత్రుళ్ళు మాత్రం పీచు తగ్గించి సీసం గుండు దించేవాడు. రెండింటికీ పద్ధతి ఒకటే. ముందు ఖాళీ తుపాకికి ఉత్త టోపీ పెట్టి పేల్చాలి, ముక్కులో మసి పోవడానికి. తర్వాత మందు, పీచు, ఇనపచువ్వతో కూరడం. కాల్చబోయే క్షణంలో మాత్రమే కొత్త టోపీ.

లోపల మందుందో లేదో తెలుసుకోవడానికి గొట్టంలోకి తొంగిచూసే తెలివితక్కువ పని మా ఇంట్లో ఎవరూ చేసేవాళ్ళు కాదు. చువ్వ దించి చూసేవాళ్ళు. ఖాళీ గొట్టంలో చువ్వ తల గొట్టం మూతితో సమానంగా ఆగేది. కూరి ఉంటే నాలుగు వేళ్ళు పైకి నిలబడేది. పిట్టల మందుకి పీచు ఎక్కువ, గుండు మందుకి పీచు తక్కువ, మొత్తం మీద రెండూ నాలుగు వేళ్ళే. అది నాన్న కొలత. లోపల ఏదో ఉందని చువ్వ చెప్తుంది. ఏముందో చెప్పదు.

ఇంకో ఆచారం కూడా ఉండేది. ఎవరు కూరిన మందు వాళ్ళే కాల్చాలి. ఒకరు కూరింది మరొకరు కాలిస్తే వాళ్ళ ఆయుష్షు తీసుకున్నట్టని మా నాయనమ్మ చెప్పేది. గుడికెళ్ళి ప్రసాదం తీసుకోవడం తప్పని నేర్పిన మనిషే ఇదీ నేర్పింది.

తమ్ముడు నాకంటే అయిదేళ్ళు చిన్న. బెజవాడలో డిగ్రీ చదివి ఇంగ్లీషు పేపరొక్కటి మూడుసార్లు తప్పాడు. నేను అప్పటికే స్కూల్లో టీచరుని. రెండుసార్లు నేనే దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పాను. వాడు తప్పితే వాడికంటే నాకు ఎక్కువ అవమానంగా ఉండేది. ఆ సంగతి ఇప్పుడు ఒప్పుకోవడం తేలిక. నా నోరు ఎలాంటిదో ఊరందరికీ తెలుసు. "నోరు మంచిదైతే ఊరు మంచిదవుద్దే" అని అమ్మ రోజుకొకసారైనా నన్ను దెప్పేది.

డెబ్బైల మొదట్లో, ఒక నవంబరు. మూడోసారి రిజల్ట్ వచ్చిన వారం. మధ్యాహ్నం అన్నాల దగ్గర నాన్న చేలో పిట్టలు ఎక్కువైపోయాయని చెప్తున్నాడు. తమ్ముడు గోంగూర కలుపుకుంటున్నాడు. నేను కంచంలోంచి తలెత్తకుండానే అన్నాను. "వీణ్ణి పంపించు నాన్నా. పిట్టల్ని తోలడానికైనా పనికొస్తాడేమో చూద్దాం."

నాన్న నవ్వాడు. అమ్మ తన సామెత చెప్పింది. తమ్ముడు కూడా నవ్వాడు. ఆ నవ్వును పట్టుకుని చాలా ఏళ్ళు వేలాడాను నేను. బాధపడినవాడు నవ్వుతాడా అని నాకు నేనే నచ్చజెప్పుకునేదాన్ని.

మర్నాడు పొద్దున్న వరండాలో బల్ల దగ్గర కాంపోజిషన్ పుస్తకాలు దిద్దుతున్నాను. వాడు తుపాకి భుజాన వేసుకుని, మందు సీసా టోపీల డబ్బా ఉన్న సంచీతో గుమ్మంలో ఆగాడు.

"అక్కా, పిట్టల్ని తోలటానికి పోతన్నా" అన్నాడు.

"ఊఁ" అన్నాను. తలెత్తలేదు. ఎత్తి ఉంటే వాడి మొహంలో ఏదో కనిపించేదని కాదు. ఎత్తలేదు, అంతే.

మా చేను గట్టున మంచె ఉండేది, మంచె అవతల కాలవ. మధ్యాహ్నానికి తుపాకి మంచె మీద దొరికింది. గొట్టానికి తువ్వాలు కప్పి ఉంది, సంచీ పక్కన సర్ది ఉంది. సాయంత్రానికి వాడు లాకుల దగ్గర దొరికాడు. తుపాకి ముక్కు మీద పేలిన టోపీ అలాగే ఉంది. ఆ పొద్దున్న మా చేలో తుపాకి చప్పుడు విన్నవాళ్ళు ఒక్కరూ లేరు. నాన్న చువ్వ దించి చూశాడు. నాలుగు వేళ్ళు.

చేతులు కడుక్కుందామని రేవులో దిగి కాలు జారాడన్నాం. పోలీసులకీ ఫాదరుగారికీ అదే చెప్పాం. సమాధుల దొడ్డిలో మా తాతల పక్కన పెట్టుకున్నాం. ఆ రోజుల్లో వేరే ఏదైనా చెప్పి ఉంటే ఆ చోటు దొరికేది కాదు. టోపీ సంగతి ఎవరైనా తెస్తే నాన్న ఒకటే మాట అనేవాడు. "ముందు ఉత్త టోపీ పేల్చి, తర్వాత మందు కూరుకున్నాడు. నేను నేర్పిన పద్ధతే."

కావొచ్చు. కానీ మందు కూరిన తర్వాత టోపీ పెట్టి మీట నొక్కి ఉంటే? నిప్పు ఆ మలుపులో ఆగిపోయి ఉంటే? అప్పుడు కూడా ముక్కు మీద పేలిన టోపీయే ఉంటుంది. పిట్టల కోసం నొక్కినవాడైతే ఒక తిట్టు తిట్టి ఇంకో టోపీ పెట్టేవాడు, సంచీలో డబ్బానిండా ఉన్నాయి. లోపలున్నది పీచేనా, గుండా? మా ఇంట్లో మిగిలిన ప్రశ్న అదొక్కటే. పీచయితే వాడు పిట్టల కోసమే వెళ్ళాడు, కాలే జారింది. గుండయితే, పట్టపగలు పందులు రావు కాబట్టి, దాన్ని వాడు తనకోసమే దించుకున్నాడు. తుపాకి మొరాయిస్తే కాలవలోకి నడిచాడు. అక్కడికి పంపింది నా మాట. పరామర్శకి వచ్చిన ఒకావిడ "కాలవగట్టున పుట్టినోడికి ఈత రాదంటే..." అని మధ్యలో ఆపేసింది. ఆవిడ పూర్తిచేసి ఉంటే నేను ఎదురుతిరిగి నాలుగూ దులిపేసేదాన్ని. ఆపేసింది కాబట్టి ఏమీ అనలేకపోయాను.

తీసి చూడొచ్చుగా అంటారు. అమ్మ చూడనివ్వలేదు. "వాడి చేత్తో కూరింది. ఎవురూ ముట్టుకోమాకండి" అంది. నేను కూడా గట్టిగా అడగలేదు. తెలుసుకోవాలని ఎంత ఉండేదో, తెలియకూడదని అంతకు రెండింతలు ఉండేది. నాన్న దాన్ని మళ్ళీ గోడకి తగిలించాడు. ఆ ఏడు పంటకి డబ్బాలు మోగించి పిట్టల్ని తోలారు.

నవంబరులో ఆత్మల పండగ వస్తుంది. సమాధి మీద కొవ్వొత్తులు వెలిగించి ఇంటికి వచ్చాక అమ్మ తుపాకిని దింపించేది. కొబ్బరినూనె గుడ్డతో భుజానికి ఆనించే మడమ నుంచి మూతిదాకా తుడిచేది. చువ్వ దించేది. పైకి నిలిచిన ముక్క చుట్టూ నాలుగు వేళ్ళు చేర్చి, జ్వరం చూస్తున్నట్టు కాసేపు అలాగే ఉంచేది. మేం పక్కన నిలబడి ఉండేవాళ్ళం. "ఉంది" అనేది చివరికి. నాన్న తుపాకి తీసుకుని మేకుల మీద పెట్టేవాడు. మొదట్లో పండగకే చేసేది. తర్వాత బూజు దులిపినప్పుడల్లా, తర్వాత ఏ కారణం లేకుండా కూడా చూసుకునేది.

కూరిన తుపాకి ఉన్న ఇంట్లో ఉండటం మామూలుగా ఉండదు. క్రిస్మస్ టపాకాయలకి ఊరంతా సంబరపడుతుంటే మేం ముగ్గురం గోడకేసి చూసేవాళ్ళం. ఎదురుగా ఉన్న ప్రభువు కూడా దాన్నే చూస్తున్నట్టుండేది. క్లాసులో ఏ పిల్లైనా బెంచీ మీద డబ్బామూత పడేస్తే నా మాట మధ్యలో తెగిపోయేది. నాకు ఒకటే కల. టోపీ టప్పుమని పేలుతుంది. తర్వాత రావలసిన పెద్ద చప్పుడు రాదు. దానికోసం ఊపిరి బిగబట్టి లేచి కూర్చునేదాన్ని. అది వచ్చేసి ఉంటే నిద్రపట్టేది.

పరీక్ష తప్పిన పిల్లల్ని మాత్రం ఆ తర్వాత ఒక్క మాట అనలేదు. మంచిదాన్నయిపోయి కాదు. భయం.

నాలుగేళ్ళకి నాన్న పోయాడు. గుండెనొప్పి వచ్చి మూడురోజులు మంచం మీద ఉన్నాడు. ఆ మూడు రోజులూ అమ్మే దగ్గర కూర్చుంది. కార్యక్రమాలన్నీ అయ్యాక ఆయన కళ్ళజోడు పెట్టె తెరిస్తే, జోడు కింద దూదిలో చుట్టి ఒక సీసం గుండు కనిపించింది. పెద్ద రేగిపండంత ఉంది. ఒక పక్క సన్నటి చిల్లు, అవతలికి రాలేదు. పాత గుండ్లకి చిల్లు పెట్టి వలకి బరువులుగా కట్టడం నాన్నకి అలవాటే. ఇదీ అలాంటిదే, మొదలుపెట్టి వదిలేశాడు అనుకున్నాను. ఆయన "అలాగేనండీ" పనుల్లో ఇదొకటని నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. గుర్తుగా తెచ్చి వరండాలో నా బల్ల మీద, కాయితాలు ఎగరకుండా పెట్టుకున్నాను. సాయంత్రాలు నేను పుస్తకాలు దిద్దుతుంటే అమ్మ కాఫీగ్లాసు తెచ్చి ఆ బల్ల మీద పెట్టి వెళ్ళేది.

ఆరు నెలలకి స్టేషన్ నుంచి కానిస్టేబులు వచ్చాడు. ఎమర్జెన్సీ రోజులు. కానిస్టేబులు వస్తున్నాడంటేనే జనం అరుగుల మీంచి లేచి లోపలికి పోయేవాళ్ళు.

"లైసెన్సు పెద్దాయన పేరున ఉంది కదండీ. ఆయన లేరు కాబట్టి తుపాకి స్టేషన్లో అప్పజెప్పాలండీ. వారం టైమిచ్చారు. ఖాళీ చేసి తెండి టీచరుగారూ. మందున్నది మేం ముట్టుకోం" అన్నాడు. మర్యాదగానే అన్నాడు పాపం.

మూడు రోజులకి, ఆదివారం పూజ అయి ఇంటికి వస్తూ అమ్మ దారిలో ఆగింది.

"తీసుకెళ్ళవే. ఎవరి చేతనన్నా తీయించు. కాల్పించొద్దు" అంది. కొంచెం నడిచి మళ్ళీ ఆగింది. "లోపలేముందో నువ్వన్నా నాకు నిజం చెప్పు."

"నువ్వన్నా" అన్న మాట చెవిన పడింది. కానీ బుర్రలో పెట్టుకోలేదు. నా గొడవ నాది. వారంలో నా సంగతి తేలిపోతుందన్న భయం తప్ప ఇంకేదీ లోపలికి పోయే స్థితిలో లేను.

స్టేషన్‌లో కాయితం రాయించుకుని, తుపాకిని ఈతచాపలో చుట్టి, బెజవాడ బస్సెక్కాను. ఆటోనగర్‌లో ఒక పెద్దాయన ఉన్నాడని స్కూల్లో డ్రిల్లు మాస్టారు చెప్పారు. ఆయన తండ్రి జమీందార్ల తుపాకులు బాగుచేసేవాడట. ఈయన లారీల కమాను కట్టలు బాగుచేస్తాడు. చుట్టూ వెల్డింగు మెరుపులు, సుత్తి దెబ్బలు, ఆయిలు వాసన. ప్రతి దెబ్బకీ నేను ఉలిక్కిపడుతుంటే ఆయన స్టూలు తెచ్చి వేశాడు.

చాప విప్పగానే ఆయన చేతులు గుడ్డకి తుడుచుకున్నాడు. కుక్కపిల్లయిన సింహాన్నీ, పూడ్చిన మచ్చల్నీ వేలితో తడిమాడు. మా తమ్ముడు తడిమినట్టే.

"ఇది రెండుసార్లు పుట్టిందమ్మా" అన్నాడు. "ముందు రాయి తుపాకి. తర్వాత టోపీ పెట్టారు. పని బాగానే చేశాడు గానీ, నిప్పు నడిచే దారి వంకర చేశాడు."

చువ్వ దించాడు. నాలుగు వేళ్ళు నిలబడింది. ముక్కు ఊడదీసి, లోపల మందు చావడానికి కిరసనాయిలు పోసి, కాసేపు ఆగాడు. తర్వాత చువ్వ రెండో చివర స్క్రూలాంటి ఒక మరమొన బిగించి నాకు చూపించాడు. నన్ను కుదుటపరచడానికి కాబోలు, పాఠం చెప్పినట్టు చెప్పాడు.

"పీచయితే దీనికి చుట్టుకుని వచ్చేస్తదండీ. గుండయితే కొంచెం కష్టం. ఈ మొన సీసంలోకి దిగేదాకా తిప్పాలి. దిగితే పట్టుకుంటది. అప్పుడు లాగాలి. వచ్చింతర్వాత చూస్తే గుండు నెత్తిన చిల్లుంటది."

"ఎలాంటి చిల్లండీ?"

"సన్నగా. అవతలికి రాదు."

నా బల్ల మీది గుండు కళ్ళముందు కనిపించింది. ఛీ, అదేం కాదు, వలబరువు అనుకున్నాను. అనుకున్నానే గానీ స్టూలు ఆయన దగ్గరికి జరుపుకున్నాను.

ఆయన మొన దించి తిప్పాడు, లాగాడు. పీచు రాలేదు. గుడ్డ వచ్చింది. కిరసనాయిల్లో తడిసిన గుడ్డ, చుట్టి చుట్టి బిగించింది. ఒక పేలిక తర్వాత ఇంకో పేలిక. మూడో పేలిక అంచు పచ్చగా ఉంది. నాన్న పచ్చంచు తువ్వాలు అది. ఎక్కడో పారేసుకున్నానని ఆయన ఒక వేసవంతా వెతికించాడు, అమ్మ ఊరంతా అడిగింది. ఆ తువ్వాలు.

పెద్దాయన చువ్వ మళ్ళీ దించాడు. తల మూతితో సమానంగా ఆగింది.

"అంతేనండీ. మందు లేదు, పీచు లేదు, గుండు లేదు. ఇంతకుముందే ఎవరో తీసేశారు. తీసేసి, చువ్వ పైకి నిలవటానికని కొలిచి మరీ గుడ్డ కూరారు" అన్నాడు. ముక్కు కింద మలుపులోకి సన్నటి తీగ పెట్టి గీకాడు. గట్టిపడిన మసి పెళ్ళలుగా రాలింది. "ఇదిగో చూడండి. నిప్పు ఇక్కడిదాకా వచ్చి ఆగిపోయింది." తీగ గుడ్డకి తుడుస్తూ అడిగాడు. "ఇంట్లో ఎవరి కోసమమ్మా ఇట్టా కొలిచిపెట్టారు?"

"ఆ మొన అలాగే ఉంచి ఇవ్వండి" అన్నాను. ఆయన మరమొనను చువ్వకే ఉంచి, చాప చుట్టి ఇచ్చాడు.

తిరుగు బస్సులో తుపాకిని ఒళ్ళో అడ్డంగా పెట్టుకుని కూర్చున్నాను. నాన్న ఎప్పుడు తీశాడో తెలియదు. మేం లేని ఏ మధ్యాహ్నమో తలుపు వేసుకుని తీసి ఉంటాడు. పీచు వచ్చి ఉంటే ఆయన ఊరుకునేవాడా? ఆ పీచు దోసిట్లో పెట్టుకుని, చొక్కా కూడా వేసుకోకుండా స్కూలుకి పరిగెత్తుకొచ్చేవాడు. మా ఫిఫ్త్ క్లాసు పిల్లలందరి ముందూ ఏడ్చేవాడు. అమ్మ ఒళ్ళో పోసేవాడు. అలా చేయలేదు. తన తువ్వాలు చింపి, నాలుగు వేళ్ళు కొలిచి కూరి, మేకుల మీద పెట్టి, చేతులు కడుక్కుని అన్నానికి కూర్చున్నాడు. నా పక్కనే. నేను అన్న మాట ఆయనకి గుర్తుండే ఉంటుంది, ఆ రోజు నవ్వింది ఆయనే కదా. అయినా నా వంక ఒక్కసారి కూడా వేరేగా చూడలేదు. పరీక్ష పేపర్లు దిద్దలేక నేను విసుక్కుంటే "తల్లీ, కళ్ళు పాడవుతాయి, పడుకో" అనేవాడు. ఆయన మీద కోపం వచ్చింది నాకు. ఒక్కడే మోశాడని, నాకు నా వాటా ఇవ్వకుండా పోయాడని. బస్సులో అందరి ముందూ వెక్కివెక్కి ఏడ్చాను. పక్కనున్నావిడ "ఎవరు పోయారమ్మా?" అంది. తమ్ముడండీ అన్నాను. ఎప్పుడని అడిగితే నిన్ననే అన్నాను.

ఇంటికి చేరేసరికి నాలుగైంది. అమ్మ వంటింట్లో ఉంది. చెప్పులు విప్పకుండా బల్ల దగ్గరికి వెళ్ళాను. కాయితాల మీంచి గుండు తీశాను. చాపలోంచి చువ్వ లాగి, మరమొనను ఆ చిల్లులో పెట్టి తిప్పాను. ఒక చుట్టు. రెండో చుట్టు. పట్టుకుంది. చువ్వ పైకెత్తితే గుండు దానితోపాటే లేచింది.

గబగబా వెనక్కి తిప్పి ఊడదీసి, గుండును కాయితాల మీద ఎప్పుడూ ఉండేచోటే పెట్టాను. ఎందుకలా చేశానో తెలియదు. తప్పు చేసిన పిల్లలు వస్తువుల్ని ఎక్కడివక్కడ పెట్టేస్తారే, అలాగ.

అమ్మ కాఫీగ్లాసుతో వచ్చింది. బల్ల మీద పెట్టలేదు. పట్టుకునే నిలబడింది.

"తీశాడా?"

"తీశాడమ్మా."

"ఏం వచ్చింది?"

నడవాలోకి చూశాను. గోడ మీద రెండు మేకులూ, మధ్య వెలిసిపోని సున్నం పట్టీ. మా నాయనమ్మ అబద్ధమాడితే నాలుక మీద కొరివి పెడతానని పెంచింది నన్ను. చర్చిలో ఆదివారం పాఠాలు చెప్పేదాన్ని.

"పీచేనమ్మా. మందూ, పీచూ. పిట్టల మందే" అన్నాను.

అమ్మ గ్లాసు బల్ల మీద పెట్టింది.

"మీ నాన్నా ఇదే చెప్పాడు, పోయేముందు. తీసి చూశానే, పీచే ఉంది, వాడు పిట్టల కోసమే పోయాడు అన్నాడు." కొంగుతో చెయ్యి తుడుచుకుంది. "ఆయనా ఇట్టాగే గోడకేసి చూస్తా చెప్పాడు."

నేను చూపు మేకుల మీంచి తీసి కాఫీగ్లాసు మీద పెట్టాను.

అమ్మ గుమ్మందాకా వెళ్ళి, వెనక్కి తిరగకుండానే అంది. "ఆ గుండు ఇంక కాయితాల మీద పెట్టమాకే."

ఆరు నెలలుగా అది నా బల్ల మీద ఉంది. ఆ ఆరు నెలలూ రోజూ దాని పక్కనే నాకు కాఫీ పెట్టి, చల్లారకముందే తాగమని చెప్పి వెళ్ళింది మా అమ్మ.